పల్నాటి దారులు – 14: ఓడ కింద ఎంత నీరుంది?

నకరికల్లు అడ్డరోడ్డులో అరగంట నిలబడితే చాలు, పల్నాడు ఏం పండిస్తుందో, ఏం తవ్వి తీస్తుందో కళ్లముందు నుంచే వెళ్లిపోతుంది. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నం, సిమెంటు లారీలు. గుంటూరు యార్డు దారి పట్టిన మిర్చి టిక్కీలు. పత్తి బోరాలు. ఈ సరుకు పూర్వం నడిచిన బండిదారుల గురించి గత వారం చెప్పుకున్నాం. బండి ఎంత దూరం వెళ్లినా చివరికి ఆగేది నీళ్ల దగ్గరే. అక్కడినుంచి సరుకు ఏ రేవులో ఓడెక్కాలన్నది రాజుల దయ వల్లో, కంపెనీల ఎత్తుల వల్లో తేలిందని చదువుకుంటూ వచ్చాం. నా మటుకు నాకు, అసలు తీర్పు చెప్పింది ఓడ అడుగుకూ నేలకూ మధ్య మిగిలే నీరే అనిపిస్తుంది. మన తీరంలో రేవులు పుట్టింది ఆ నీరు చూసుకునే. చాలా రేవులు మాసిపోయింది కూడా ఆ నీరు తగ్గే.

సముద్రం నకరికల్లుకు సూటిగా గీత గీసినా దాదాపు 80 కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి రైతుకు ఓడ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు. సాగర్ కుడి కాలువ మీద లస్కరు చూసే గేజీ అందరికీ తెలుసు. నీరు ఏ అంకె దగ్గర ఉంటే కాలువలో అంత లోతు పారుతున్నట్టు. ఓడ ముక్కు మీద, నడుము మీద, వెనక చుక్కాని దగ్గర అలాంటి అంకెలే రాసి ఉంటాయి. కాకపోతే కాలువలో గేజీ కదలదు, నీరు ఎక్కి దిగుతుంది. రేవులో సరుకు ఎక్కేకొద్దీ గేజీయే నీళ్లలోకి దిగుతుంది. నీటిమట్టం నుంచి ఓడ అట్టడుగు వరకు ఉన్న ఆ లోతే డ్రాఫ్ట్. రేవులో నీటి లోతు 12 మీటర్లయి, ఓడ డ్రాఫ్ట్ 11.5 అయితే కింద మిగిలింది అరమీటరు. చరిత్రంతా ఆ అరమీటరు దగ్గర జరిగింది.

లెక్కకు మూలం పాతదే. తేలే వస్తువు తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోస్తుందని క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్‌లో ఆర్కిమెడీస్ తేల్చాడు. దీన్ని మన ఏట్లోనే పెట్టి చూద్దాం. రెంటచింతల మండలం గోలిలో బౌద్ధ స్తూపం శిల్పాలు 1926లో బయటపడ్డాయి. ఇప్పుడవి మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిలో, నాగార్జునకొండలో చెక్కిన రాయి కూడా ఆ జాతిదే, పలనాటి సున్నపురాయి. అలాంటి పలకలను నావ మీద కృష్ణలో దింపాలనుకుందాం. నావ పొడవు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, అడుగు చదును. నీటి మీద అది పరుచుకునే జాగా 16 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు మునగాలంటే 160 కిలోల బరువు పడాలి. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న పలక దాదాపు 585 కిలోలు తూగుతుంది. ఒక పలక ఎక్కించగానే నావ మూడున్నర సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. పది పలకలు ఎక్కితే 37 సెంటీమీటర్లు. నావ తన సొంత బరువుకే 20 సెంటీమీటర్లు మునిగి ఉంటే మొత్తం 57. ఎండాకాలం ఇసుక మేటల మీద రెండడుగుల నీళ్లు మాత్రమే పారే చోట ఆ నావ కింద మిగిలేది రెండు వేళ్ల సందు. పదకొండో పలక ఎక్కించాలంటే గుండె రాయి చేసుకోవాలి, పన్నెండోది ఎక్కిస్తే నావ ఇసుకలో కూర్చుంటుంది.

ఇవాళ లక్ష టన్నుల ఓడకు వేసే లెక్క కూడా ఇంతే. 160 కిలోలు ఉన్న చోట వంద టన్నుల దరిదాపు అంకె వస్తుంది. ఒక్క సెంటీమీటరు మునగడానికి ఎన్ని టన్నులు కావాలన్న ఆ అంకెను నావికులు టీపీసీ అంటారు. సాగర్ వెనకనీటిలో పుట్టి మీద చేపలకు వెళ్లేవాళ్లు ఈ మాట విని ఉండరు. పుట్టి అంచుకూ నీటికీ మధ్య ఎంత మిగిలితే క్షేమమో, ఇంకో మనిషిని ఎక్కించుకోవచ్చో లేదో వాళ్ల కన్నే చెబుతుంది. మానవజాతి ఓడలు నడిపిన కాలంలో చాలా భాగం ఆ కంటిలెక్క మీదే గడిచింది.

కంటిలెక్కతోనే అయినా మనవాళ్లు చిన్నాచితకా ప్రయాణాలు చేయలేదు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు ఆ నాణేలు కోస్తా పొడవునా దొరికాయి. పల్నాడు జిల్లాలోనే, అమరావతి పక్కన ధరణికోటలో 1960ల తొలి ఏళ్లలో తవ్వితే పడవలు వచ్చేందుకు తీసిన కాలువ, దాని ఒడ్డున సరుకు దింపే రేవు కట్టడం బయటపడ్డాయి. సముద్రానికి ఇంత లోపల రేవు! నది నోట్లోంచి అక్కడిదాకా పడవ రావాలంటే డ్రాఫ్ట్ తక్కువగా ఉండాలి, లేదా వరద కాలం చూసుకుని రావాలి. పెద్ద ఓడలు కిందనే ఎక్కడో ఆగి ఉండాలి.

ఆ ఎక్కడో అన్నది ఘంటసాల. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రెండో శతాబ్దంలో కొంటకొస్సిల అని రాసిన వర్తక పట్టణం అదే. విజయపురిలో, అంటే ఇప్పటి నాగార్జునకొండలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసెల మహాచైత్యం దగ్గర ఆమె కట్టించిన రాతి మండపం ప్రస్తావన ఉంది. అదే శాసనం సింహళ భిక్షువులు ధర్మం చాటిన దేశాలను వరసగా చెబుతుంది: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, తామ్రపర్ణి. మాచర్లకు కూతవేటులో ఉన్న ఒక లోయలో కూర్చుని చీనా, సింహళాల పేర్లు చెక్కించారంటే, ఏటి నావకూ సముద్రపు ఓడకూ మధ్య సరుకూ మనుషులూ మారే చోటు ఒకటి గట్టిగా పనిచేస్తూ ఉండాలి. ఘంటసాలలోనే దొరికిన ఇంకో శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. రాజుల పేర్లు, రాణుల పేర్లు, భిక్షువుల పేర్లు వేలల్లో దొరికే నేల మీద ఒక ఓడ నడిపేవాడి పేరు రాతికెక్కడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఇప్పుడు ఘంటసాలకు ఓడ రాదు, పడవ కూడా రాదు. మచిలీపట్నానికి పడమరగా ఇరవై కిలోమీటర్ల దూరాన పొలాల మధ్య ఉన్న ఊరది. ఏ శత్రువూ ఆ రేవును కూల్చలేదు. కృష్ణ ఏటా తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని కొంచెం కొంచెంగా తూర్పుకు నెట్టింది. పైన నల్లరేగడిని కోసి తెచ్చి కింద దివిసీమను పేర్చిన నది, తన రేవును తనే పూడ్చుకుంది. గుజరాత్ తీరంలో అయితే ఆటుపోట్లు పెద్దవి, పోటు ఎక్కిన వేళ చూసి ఓడను లోపలికి తేవచ్చు. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరున్నర కూడా ఉండదు. ఇక్కడ పోటును నమ్ముకుని లోతు సంపాదించడం కుదరదు. ఒండ్రు ఎంత పెరిగితే అంత నష్టం.

ఆ తరవాత వెలుగులోకి వచ్చిన రేవు మోటుపల్లి, చీరాలకు దక్షిణాన. అక్కడి వీరభద్రుడి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. దాన్ని ధర్మశాసనంగా చదువుతాం, నేను ఓడ లెక్కతో చదవమంటాను. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిన ఓడల్లో సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారు. ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా సరే. మేము ధర్మం కోసం, కీర్తి కోసం ఆ పని చేయము, సుంకం మాత్రమే తీసుకుంటాము అన్నది శాసనం సారాంశం. సుంకం ముప్ఫైలో ఒక వంతు. లోతు తక్కువైన తీరంలో నేల తగలడం నావికుడికి ఎప్పుడూ ఉన్న భయం. నేల తగిలితే ఓడ పోతుంది, ఓడ పోయాక మిగిలిన సరుకు కూడా రాజు పట్టుకుపోతే మళ్లీ ఆ తీరానికి ఎవరొస్తారు? గణపతిదేవుడు రేవును లోతు చేయలేడు, ఆ రోజుల్లో ఎవరూ చేయలేరు. లోతు లేకపోవడం వల్ల వచ్చే నష్టాన్ని తగ్గించాడు. మార్కో పోలో ముత్ఫిలి అని రాసిన రాజ్యానికి ఆ పేరు వచ్చింది ఈ రేవు నుంచే.

కాకతీయులు పోయాక ఆ రేవు కొండవీటి రెడ్ల చేతికి వచ్చింది. కొండవీడు ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మళ్లీ శాసనం రాయించి హామీలు ఇచ్చాడు. కుమారగిరి రెడ్డి కాలానికి వసంతోత్సవాల్లో కర్పూరం చల్లుకునే స్థాయికి వెళ్లారు. ఆయన బిరుదే కర్పూర వసంతరాయలు. ఆ కర్పూరం, సుగంధద్రవ్యాలు ఓడల్లో తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. పల్నాటి వీరచరిత్ర రాసిన శ్రీనాథుడే హరవిలాసాన్ని ఈ సెట్టికి అంకితమిచ్చాడు. అందులో ఏ దీవి నుంచి ఏం వచ్చేదో వివరంగా ఉంటుంది. కొండవీటి కోట మీద కర్పూరపు వాసన నిలిచినన్నాళ్లూ మోటుపల్లి దగ్గర ఓడ కింద నీరు నిలిచిందన్నమాట.

మచిలీపట్నం, అంటే బందరు దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం మీదుగా బందరుకు వచ్చింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి ఉన్నారు. బంగాళాఖాతంలో లంగరు వేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. పెగూ, సయాం, మక్కా, హోర్ముజ్ ఎక్కడికైనా ఇక్కడినుంచే ఓడలు. బందరు వెళ్లి చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒడ్డు నుంచి ఎంత దూరం నడిచినా మోకాలి లోతు బురదే. రెండూ నిజమే. మెత్తటి బురద నేల కాబట్టి లంగరు బాగా పట్టేది. లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడ మైళ్ల దూరంలో ఆగేది. ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకంతా చిన్న పడవల్లో నడవాలి.

ఆ చిన్న పడవల దగ్గర కాస్త ఆగాలి. మసూలా పడవలో మేకు ఉండదు. పలకలను పీచుతాడుతో కుట్టేవారు. అల తాకితే మేకు వేసిన చెక్క పగులుతుంది, కుట్టిన చెక్క వంగి సర్దుకుంటుంది. అడుగు చదును, అందువల్ల డ్రాఫ్ట్ అతి తక్కువ. ఇసుక మీదికి ఎక్కినా మళ్లీ తోసుకుపోవచ్చు. ఈ పడవకు మచిలీపట్నం పేరే అంటుకుందంటారు, మద్రాసులో కూడా అదే పేరుతో నడిచింది. పెద్ద ఓడ దొరలదైనా, దాని సరుకు ఒడ్డుకు చేరాలంటే ఈ కుట్టు పడవ వాళ్ల మీదే ఆధారం. కాకినాడలో హోప్ ఐలాండ్ చాటున ఇదే పద్ధతి ఇంకా పెద్దగా సాగింది. ఇప్పటికీ యాంకరేజి రేవులో బియ్యం బస్తాలు బార్జీల మీద వెళ్లి దూరాన నిలిచిన ఓడలకెక్కుతాయి.

లోతు లేని తీరానికి ఇంకో ప్రమాదం ఉంది. తుపాను తోసుకొచ్చిన నీరు లోతున్న చోట పరుచుకుపోతుంది, లోతులేని చోట గోడలా లేస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారు. పట్నం మళ్లీ ఆ స్థాయికి రాలేదు.

మనం కుట్టు పడవల్లో ఉండగానే ఇంగ్లండులో లెక్క మారింది. ఓడ కట్టేవాళ్లు అప్పటిదాకా తండ్రీతాతల కొలతలతో కట్టి, నీళ్లలోకి దించి, ఎంత మునిగిందో చూసుకునేవారు. యుద్ధనౌకలో ఇది ప్రాణాంతకం. ఫిరంగుల కిటికీలు అనుకున్న దానికన్నా నీటికి దగ్గరైతే అల లోపలికి వస్తుంది. హారిచ్‌లో రూపర్ట్ అనే యుద్ధనౌక కట్టిన ఆంథొనీ డీన్, దించకముందే అది ఎంత మునుగుతుందో చెప్పాడు. నౌకాదళ అధికారి శామ్యూల్ పెపీస్ 1666 మేలో తన దినచర్యలో ఈ సంగతి ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు, ఇలా ముందే చెప్పగలిగినవాడు ఇతనే మొదటివాడని. డీన్ చేసింది ఏమిటంటే, ఓడను రొట్టె ముక్కల్లా అడ్డంగా కోసినట్టు కాగితం మీద గీసి, నీటి కింద ఉండే ప్రతి ముక్క వైశాల్యాన్ని లెక్కగట్టి, వాటిని కలిపి ఘనపరిమాణం తీశాడు. అంత పరిమాణపు నీటి బరువు ఓడ బరువుతో సరిపోయే గీత ఎక్కడుందో అదే డ్రాఫ్ట్. ఎనభై ఏళ్ల తరవాత 1746లో ఫ్రాన్సులో పియర్ బుగే ఈ పనికి పూర్తి గణితశాస్త్రం రాశాడు.

మన దగ్గర ఇలాంటి గ్రంథం లేదా అంటే భోజుడి పేరున ఉన్న యుక్తికల్పతరువు ఉంది. ఓడల రకాలు, వాటి పొడవు, వెడల్పు, ఎత్తు చెబుతుంది, పలకలకు ఇనుము వాడవద్దంటుంది. అది కొలతల పుస్తకం. బరువు నుంచి మునక తీసే పద్ధతి డీన్ దగ్గరే మొదలైంది. ఇందులో చిన్నబోవాల్సింది ఏమీ లేదు.

ఎంత మునుగుతుందో తెలిశాక, ఎంతవరకు మునగనివ్వాలన్న ప్రశ్న మిగిలింది. పందొమ్మిదో శతాబ్దపు ఓడ యజమానులకు ఆ ప్రశ్న నచ్చలేదు. బీమా చేసిన పాత ఓడలో పట్టినంత సరుకు కుక్కి పంపితే, చేరితే లాభం, మునిగితే బీమా. మునిగేది కూలి నావికులు. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడాడు. 1876 చట్టం ప్రతి ఓడ పక్కన గీత గీయాలంది. ఆ గీత ఎక్కడ గీయాలో మాత్రం యజమానికే వదిలేసింది! దొంగ చేతికే తాళం ఇచ్చినట్టయిన ఆ లొసుగు 1890లో గానీ పోలేదు. 1930లో, మళ్లీ 1966లో దేశాలన్నీ కలిసి ఒప్పందాలు రాసుకున్నాయి. ఇవాళ ఓడ నడుము మీద వలయం, దాన్ని కోస్తూ అడ్డగీత, పక్కనే చిన్న గీతల నిచ్చెన కనిపిస్తాయి. ఎండాకాలపు గీత, ఉష్ణమండల గీత, శీతాకాలపు గీత, మంచినీటి గీత.

ఈ గీతల్లో బంగాళాఖాతానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉంది. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఇక్కడ ఉష్ణమండల గీత దాకా మునగవచ్చు. మే 1 నుంచి నవంబరు 30 వరకు దానికన్నా కిందున్న ఎండాకాలపు గీతతో ఆగిపోవాలి. రెండింటి మధ్య తేడా డ్రాఫ్ట్‌లో 48వ వంతు. 12 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడకు అది 25 సెంటీమీటర్లు. టీపీసీ 55 అయితే 1,375 టన్నుల సరుకు. మే తుపాన్లు, వర్షాకాలం, నవంబరు తుపాన్లు అన్నీ ఆ ఏడు నెలల్లో పడ్డాయి. 1864 బందరు ఉప్పెన తేదీ కూడా అందులోనే ఉంది. లండన్‌లో కూర్చుని రాసిన నిబంధనే అయినా, మన సముద్రం ఎప్పుడు ఎలా ఉంటుందో తెలిసే రాశారు.

ఇక విశాఖ. లోతు కోసం తీరాన్ని వెతకడం మాని లోతును తయారుచేయడం మన దగ్గర పెద్దఎత్తున ఇక్కడే మొదలైంది. మధ్య పరగణాల మాంగనీసును బయటికి తీసుకుపోవడానికి రేవు కావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉప్పుటేరు, చిత్తడి నేల ఉంది. దాన్ని తవ్వి లోపలి హార్బరు చేశారు. తవ్వడం ఒక ఎత్తు, తవ్వింది నిలబెట్టడం ఇంకో ఎత్తు. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక ఏటా నడిచి వస్తుంది, తవ్విన దారిలో పడుతుంది. ఇంజనీర్లు జానస్, వెలెడ్సన్ అనే రెండు పాత ఓడలను దారికి దక్షిణాన కావాలనే ముంచి, వాటి చుట్టూ రాళ్లు పోసి అడ్డుకట్ట చేశారు. ఓడలకు దారి కోసం ఓడలనే ముంచడం, ఇంతకన్నా విచిత్రం ఈ ధారావాహికలో రాదు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అదే సింధియా వాళ్లు పక్కనే ఓడల కర్మాగారం పెట్టారు. అక్కడ కట్టిన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలాడు. ఖాళీ ఓడ జారి నీళ్లలో పడ్డప్పుడు ఎంత మునుగుతుందో, వెనక భాగం ఎక్కడ తేలుతుందో ముందే గట్టే లెక్క హారిచ్‌లో డీన్ మొదలుపెట్టిందే.

రేవులో ఇవాళ ఈ లెక్క ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. బొగ్గు, ముడి ఇనుము, క్లింకర్ లాంటి సరుకును కాటా మీద పెట్టి ఓడకు ఎక్కించరు. ఓడనే కాటా చేస్తారు. సరుకు ఎక్కక ముందొకసారి, ఎక్కాక ఒకసారి సర్వేయరు వస్తాడు. చిన్న లాంచీలో ఓడ చుట్టూ తిరిగి ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా ఆరు చోట్ల అంకెలు చదువుతాడు. ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. నీరు అంకె పాదాన్ని తాకితే అదే డ్రాఫ్ట్, సగానికి వస్తే ఇంకో 5 సెంటీమీటర్లు. అల ఎక్కినప్పుడు ఎంత, దిగినప్పుడు ఎంత అని చాలాసార్లు చూసి సగటు తీస్తాడు. గాలి రేగిన రోజున ఇదే అసలు విద్య.

ఉదాహరణకు ముందు 11.20 మీటర్లు, మధ్య 11.30, వెనక 11.52 అనుకుందాం. ముందువెనకల సగటు 11.36. మధ్యలో మాత్రం 11.30 ఉంది. అంటే ఓడ నడుము 6 సెంటీమీటర్లు పైకి వంగింది. ఇనుప ఓడ వంగుతుందా అంటే వంగుతుంది, రెండు వందల మీటర్ల పొడవున్న ఏ ఇనుమైనా వంగుతుంది. అందుకే ముందు అంకె, వెనక అంకె, ఆరుసార్లు మధ్య అంకె కలిపి ఎనిమిదితో భాగిస్తారు. ఓడ నడుము దగ్గర వెడల్పుగా, కొసల దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి మధ్య అంకెకు అంత విలువ. లెక్క 11.315 వస్తుంది. 11.36కూ దీనికీ తేడా 4.5 సెంటీమీటర్లు. టీపీసీ 55 అయితే 247 టన్నులు దాటుతుంది. వంపును పట్టించుకోకపోతే లేని సరుకుకు ఒకరు డబ్బు కట్టాల్సి వచ్చేది.

అంతటితో అవదు. ఓడ పట్టికలన్నీ సముద్రపు నీటి సాంద్రత 1.025 అనుకుని రాసినవి. బకెట్టుతో పైనీళ్లు తోడితే సరిపోదు, ఓడ సగం లోతు నుంచి నీరు తీసి గాజు హైడ్రోమీటరు ముంచుతారు. అది 1.020 చూపిస్తే, 58,000 టన్నులని పట్టిక చెప్పిన ఓడ నిజానికి 283 టన్నులు తక్కువ. ఏరు కలిసే చోట ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అదే ఓడ పూర్తి మంచినీటిలోకి వస్తే, ఒక్క బస్తా ఎక్కకుండానే 26 సెంటీమీటర్లు అదనంగా మునుగుతుంది. కృష్ణ, గోదావరి నోళ్లలో వరద రోజుల్లో పాత నావికులు భయపడింది ఊరికే కాదు. చివరగా రెండుసార్లూ ట్యాంకుల్లో ఉన్న నీరు, నూనె కొలిచి తీసేస్తారు, ఆ రెండు లెక్కల మధ్య తేడాయే సరుకు.

లెక్క సరిగా వచ్చినా ఓడ నడిచేటప్పుడు ఇంకొంచెం మునుగుతుంది. లోతు తక్కువైన దారిలో వేగంగా వెళ్తే ఓడ కింది నీరు వడిగా పారి, పీడనం తగ్గి, ఓడ దిగుతుంది. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బండ లెక్కన 6 నాట్ల వేగంలో 30 సెంటీమీటర్ల లోపు దిగే ఓడ 10 నాట్ల వేగంలో 80 దాకా దిగవచ్చు. ఇరుకు కాలువలో ఇది ఇంచుమించు రెట్టింపు. రేవు దారిలోకి పైలట్ ఎక్కగానే వేగం తగ్గించమనడానికి ఒక కారణం ఇది.

1976లో విశాఖ ఔటర్ హార్బరు వచ్చింది, బైలదిల్లా ఇనుము జపాను వెళ్లడానికి. లోపలి హార్బరును కూడా తవ్వుతూ పోయి ఇప్పుడు 14.5 మీటర్ల డ్రాఫ్ట్ ఓడలకు వీలు కల్పించారు. బయట 18 మీటర్లు. పక్కన గంగవరం, దక్షిణాన కృష్ణపట్నం ఇంకా లోతైన ఓడల కోసం పోటీపడుతున్నాయి. బందరులో 2023 మేలో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. గ్లోబ్ ఓడ మైళ్ల దూరంలో ఆగాల్సి వచ్చిన అదే బురదలో దారి తవ్వుతున్నారు. తవ్వే యంత్రాలు డీన్ ఊహించనివి, ఒండ్రు మాత్రం ఘంటసాలను పూడ్చినదే. ఆ దారిని రేవు ఉన్నన్నాళ్లూ ఏటా తవ్వుకుంటూ ఉండాలి, ఆ ఖర్చు ప్రతి టన్ను సరుకు మీదా పడుతుంది.

పల్నాటి సరుకు సముద్రం దాకా వెళ్లకుండానే, తీరం వెంట కాలువలో మద్రాసుకు చేరిన రోజులు కూడా ఉన్నాయి. పెదగంజాం దగ్గర మొదలయ్యే ఆ బకింగ్‌హాం కాలువ సంగతి వచ్చే వారం.

(సశేషం)